బయటి చెయ్యి

నర్సమ్మ ఈసారి కారులో రాలేదు, నడిచి వచ్చింది. అక్కడే షెడ్డక్కకి ఏదో తేడా కొట్టింది.

అప్పుడామె ఒక వ్యాను కింద వెల్లకిలా పడుకుని, తుప్పు పట్టిన సైలెన్సర్ బోల్టుతో కుస్తీ పడుతోంది. కింద నుంచి చూస్తే కనిపించేవి కాళ్లే. ఏ కాళ్లు ఏ కారువో చెప్పగలిగేంత అలవాటైపోయింది ఆమెకి. నర్సమ్మ తెల్ల బూట్లు ఎప్పుడొచ్చినా గబగబా లోపలికి వచ్చేసి స్టూలు దగ్గర ఆగేవి. ఈవేళ గుమ్మం బయటే ఆగిపోయాయి.

షెడ్డక్క అని పిలవడానికి వయసుతో పనిలేదు. నర్సమ్మ ఆమెకంటే పదేళ్లు పెద్ద. సందు చివర ఉండే ముసలాయన కూడా అక్కా అనే పిలుస్తాడు, ఆమె కూడా నిజంగా అక్కలాగే తలూపుతుంది. ఆ షెడ్డు వాళ్ల నాన్నది. ఆయన పోయాక అందరూ తాళం పడుతుందనుకున్నారు. మర్నాడే ఆమె షట్టరు పైకెత్తేసరికి, పిలవడానికి ఏదో ఒక పేరు కావాలి కదా, అదే పేరైపోయింది.

"రండి, కూర్చోండి. కారేది?" అంటూ బయటికి జరిగింది.

నర్సమ్మ కూర్చోలేదు. భుజానున్న సంచి కూడా దించలేదు. కారు ఇంకా షోరూములోనే ఉందని చెప్పింది.

ఆవిడ ఇళ్లకి వెళ్లి, మంచాన పడ్డవాళ్లకి కట్లు మార్చే నర్సు. రోజంతా సందులూ మలుపులూ. కిందటి వారం ఒక మలుపులో స్టీరింగు ఉన్నట్టుండి రాయిలా బిగుసుకుపోయింది. రెండు చేతులా లాగితే గాని తిరగలేదట, కారు గోడకి జానెడు దూరంలో ఆగిందట. నేరుగా షెడ్డుకే తెచ్చింది. షెడ్డక్క ఇంజను ఆన్ చేసి, ఆపి, మళ్లీ ఆన్ చేసి చక్రం తిప్పి చూసింది. స్టీరింగుని తేలిక చేసే మోటారు ఆగి ఆగి పనిచేస్తోంది. కారు ఇంకా కంపెనీ గ్యారంటీలోనే ఉంది కాబట్టి వాళ్లే ఊరికే మార్చి ఇవ్వాలి. "నేను ముట్టుకోను. ముట్టుకుంటే వాళ్లకి వంక దొరుకుతుంది" అని చెప్పి, షోరూముకి పంపింది కూడా తనే.

వంక ముట్టుకోకుండానే దొరికింది. స్టీరింగు కింద ప్యానెల్ విప్పితే లోపల ఒక తీగ కోసి, ఇంకో తీగ అతికి, టేపు చుట్టి ఉందట. బయటి చెయ్యి పడింది కాబట్టి గ్యారంటీ చెల్లదన్నారట. నర్సమ్మ బతిమాలుతుంటే మేనేజరు కూడా వచ్చాడట.

"ఏమన్నాడు?"

"కారుని రోడ్డు పక్క షెడ్లకిచ్చి పాడు చేయించుకుని, చివర్లో మా నెత్తిన పడేస్తారన్నాడు. హాల్లో కూర్చున్నవాళ్లంతా నా వంక చూశారు."

షెడ్డక్క గుడ్డ తీసుకుని ఒక్కొక్క వేలే తుడుచుకుంది. ఆ కారుకి ఇప్పటిదాకా తను చేసినవి వరుసగా చెప్పింది. ఇంజనాయిలు, దాని ఫిల్టరు, ముందు బ్రేకులు తుడవడం. స్టీరింగు కిందికి తల కూడా పెట్టలేదు. "మీరు ఆ స్టూలు మీద కూర్చుని చూస్తూనే ఉన్నారు కదా."

"ఉన్నాను" అంది నర్సమ్మ. సంచి జిప్పు లాగింది, మళ్లీ తోసింది. "మధ్యలో ఫోనొస్తే బయటికి వెళ్లాను కదా, అక్కా."

మేనేజరు అన్నది షెడ్డక్కకి కోపం తెప్పించిందంతే. ఈ మాట మాత్రం లోపలికి దిగింది. ఆవిడ తల్లికి ఒంట్లో బాగోనప్పుడు తెల్లవారకముందే బ్యాటరీ మార్చిచ్చిన షెడ్డు ఇది. అయినా ఆ సంగతి ఎత్తలేదు. కారు ఎవరు విప్పి చూశారని మాత్రం అడిగింది.

నర్సమ్మ చెప్పడానికి ఇబ్బంది పడింది. "కౌంటరు దగ్గర మీ ఆయనే ఉన్నాడు. ఆయనే చూసి రాశాడు."

*

ఆయన షెడ్డక్కకి మేనత్త కొడుకు. పెళ్లికి ముందూ బావే, తర్వాతా బావే. షోరూములో కారు తెచ్చినవాళ్లతో మాట్లాడి, లోపల ఏం చెయ్యాలో రాసి పంపే ఉద్యోగం. తెల్ల చొక్కా, మెడలో కార్డు. ఆ చొక్కాలు అత్త ఎవరినీ ముట్టుకోనివ్వదు, తనే ఇస్త్రీ చేస్తుంది. షెడ్డక్క బట్టలు ఒక తీగ మీద, ఆ చొక్కాలు ఇంకో తీగ మీద ఆరతాయి ఆ ఇంట్లో.

ఆ సాయంత్రం బావ కాళ్లు కడుక్కుని కంచం ముందు కూర్చునేదాకా ఆగింది షెడ్డక్క. అత్త కిటికీ దగ్గర బల్ల మీద చొక్కా పరిచి చేతులు సాపు చేస్తోంది.

"నర్సమ్మ కారు నువ్వే చూశావట."

బావ ముద్ద కలుపుతూనే చూశానన్నాడు. తీగ అతికి ఉంటే అతికి ఉందనే రాయాలి కదా అన్నాడు. తర్వాత కొంచెం మెత్తబడి, "నీ పేరు రాయలేదు. బయటి చెయ్యి అని రాశానంతే" అన్నాడు.

"ఆవిడకి నేను కాక ఇంకో బయట ఉందా?"

బావ ఇంకో ముద్ద కలిపాడు. ఆ అతుకు ఎలా ఉందో చెప్పమంది. కొత్తదా, పాతదా? టేపు మీద దుమ్ము ఎంత? అది తన పనిలా అనిపించిందా? పెళ్లికి ముందు ఆ షెడ్డులోనే రెండేళ్లు ఆమె పక్కన నిలబడి తీగలు కలపడం నేర్చుకున్నవాడు. ఎవరి అతుకు ఎలా ఉంటుందో అతనికి తెలియకపోవడమనేది లేదు.

"రోజుకి ఎన్ని కార్లు చూస్తాను, అన్నీ గుర్తుంటాయా?" అన్నాడు. కంచంలోంచి తల ఎత్తకుండా అన్నాడు. మజ్జిగ పోసుకోకుండానే లేచిపోయాడు.

షెడ్డక్క వెనకాలే లేచింది. ఆమె గొంతు కాస్త పెరిగింది. ఈ అతుకుతో తన పేరు ఊరంతా పోతుందని, రేపటి నుంచి ఏ బండి ఎక్కడ ఆగినా షెడ్డక్క చెయ్యి పెట్టింది కదా అంటారని అంది. అప్పటిదాకా మాట్లాడని అత్త ఇస్త్రీపెట్టె నిలబెట్టింది.

"అక్కడి సంగతులు ఇంట్లోకి తేవద్దు" అంది. ఎవరితో అందో తెలియకుండా, గోడకేసి చూస్తూ అంది.

షెడ్డక్కకి ఒళ్లు మండింది. ఎంతైనా కొడుకు కదా అనుకుంది. పెరట్లోకి వెళ్లి, చేతులకి అంటిన గ్రీజు వదలకపోయినా సబ్బు రుద్దుతూ చాలాసేపు నిలబడింది. తిరిగొచ్చేసరికి బావ మంచం మీద అటు తిరిగి పడుకుని ఉన్నాడు. నిద్రపోలేదు, ఊపిరి చెబుతోంది.

"రేపు షెడ్డు మూసి వస్తున్నాను" అంది.

"రాకు. నా ఉద్యోగం ఏమవుతుందో ఆలోచించు."

"నీ దగ్గరికి రావడం లేదు. షోరూముకి వస్తున్నాను."

*

పొద్దున్నే నర్సమ్మ ఇంటికి వెళ్లింది. ఆవిడ బస్సులో తిరగలేక తల పట్టుకుని ఉంది. గొడవలేవీ వద్దంది. కారు వాళ్ల చేతుల్లో ఉన్నప్పుడు వాళ్లతో పెట్టుకుంటే ఇంకో నెల తిప్పుతారంది. షెడ్డక్క వాదించలేదు. మాట్లాడేది తనేనని, ఆవిడ పక్కన నిలబడితే చాలని చెప్పింది. నర్సమ్మకి ఇప్పటికీ అనుమానం పూర్తిగా తీరలేదని మొహం చూస్తేనే తెలుస్తోంది. అయినా చెప్పులేసుకుంది.

షెడ్డక్క బట్టలు మార్చుకోలేదు. మోకాళ్ల దగ్గర నల్లబడిన ప్యాంటు, జేబు మీద స్క్రూడ్రైవరు గీసిన చొక్కా. పెళ్లిచూపులకి వెళ్తున్నామా అనుకుంది.

షోరూము హాలు చల్లగా, పూల సెంటు కొట్టిన గదిలా ఉంది. ఒకవైపు గోడంతా అద్దం, దాని వెనక వర్క్‌షాపు. అక్కడ కార్లు గాల్లోకి లేచి ఉన్నా, చప్పుడు మాత్రం ఇటు రాదు. ఇవతల సోఫాలు, కాఫీ మిషను, ఎవరూ చూడని టీవీ. పదిమంది దాకా కూర్చుని తమ కార్ల కోసం ఎదురుచూస్తున్నారు. గేటు మనిషి షెడ్డక్క బట్టలు చూసి, కారు సీట్లకి తొడిగే ప్లాస్టిక్ కవరు ఒకటి తెచ్చి సోఫా మీద పరిచాడు. ఆమె దాన్ని తీసింది. నాలుగు మడతలు పెట్టి, తిరిగి అతని చేతిలో పెట్టి కూర్చుంది.

కౌంటరు వెనక బావ వీళ్లని చూశాడు. లేచి వచ్చాడు. "చెప్పండి మేడం" అన్నాడు భార్యతో.

"నర్సమ్మగారి కారు విషయం మాట్లాడాలి సార్" అంది ఆమె.

బావ మెడలో కార్డు సర్దుకున్నాడు. పరిశీలన అయిపోయిందని, కంపెనీ నియమం ప్రకారం తాము చేయగలిగింది లేదని పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. ఆ గొంతు ఆమె ఎప్పుడూ వినలేదు. ఇంట్లో జలుబు చేసినప్పుడు కూడా ఇంత పరాయిగా ఉండదు. మేనేజరుని పిలవమంది. పిలవక్కర్లేకుండానే ఆయన వచ్చాడు. ముప్పై ఐదేళ్ల మనిషి, మర్యాద తెలిసినవాడు, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. బయట షెడ్లలో నిపుణులు లేరని తాము అనడం లేదన్నాడు. ఈ కాలపు కార్లు పాతకాలపు కార్లలా కావన్నాడు.

"ఆ తీగ నేను కలపలేదు. నేను కలిపానని నిన్న ఇక్కడ చెప్పారు. కారు మా ముందు విప్పి చూపించండి."

వర్క్‌షాపులోకి బయటివాళ్లని రానివ్వరని ఆయన చెప్పాడు. అద్దం మీద రాసి ఉన్నది చూపించాడు. అక్కడితో అయిపోయేదే. కాని నర్సమ్మ గొంతు సవరించుకుంది.

"మేము కట్టు విప్పితే ఇంట్లోవాళ్ల ముందే విప్పుతాం. చీము ఉంటే ఉందని చూపిస్తాం. మీరు నా కారుకి అది కూడా చెయ్యరా?" అంది. కోపంగా కాదు, రోజూ అనే మాటలాగే అంది. "నేను బయటిదాన్ని కాదు కదా. కారు నాదే."

మేనేజరు కాసేపు ఆలోచించి, యజమాని ఒక్కరే రావచ్చన్నాడు. నర్సమ్మని తీసుకుని బావ లోపలికి వెళ్లాడు. షెడ్డక్క నేల మీద పసుపు గీత దగ్గర ఆగిపోయింది. అద్దంలోంచి చూస్తోంది. బావ తలుపు తెరిచి, వంగి, ప్యానెల్ కిందికి దించి టార్చి వేశాడు. నర్సమ్మ మోకాళ్ల మీద కూర్చుని తల దూర్చింది. ఏదో అడిగింది. బావ చెవి వెనక గోక్కున్నాడు. ఆవిడ మళ్లీ అడిగింది. ఈసారి వేలితో దేన్నో చూపిస్తూ, స్టీరింగు కింద నుంచి పాటల పెట్టె దాకా గాల్లో ఒక గీత గీసింది. బావ టార్చి ఆర్పేశాడు.

తిరిగొచ్చాక నర్సమ్మ షెడ్డక్క పక్కనే ఆనుకుని నిలబడింది. ఆ అతుకు తీగ మ్యూజిక్ సిస్టంలోకి వెళ్తోందని చెప్పింది. "అది కొన్నప్పుడు ఇక్కడే పెట్టించుకున్నాను. తాళాలు ఇచ్చేముందు వీళ్లే బిగించారు."

బావ అప్పటికే మేనేజరు చెవిలో ఏదో చెప్పాడు. మేనేజరు మొహంలో ఏమీ మారలేదు, గొంతు మాత్రం తేనెలో ముంచి తీసినట్టయింది. కొన్ని కేసుల్లో కంపెనీ ఔదార్యంతో చూస్తుందన్నాడు. మోటారు ఊరికే మార్చేస్తాం, సాయంత్రానికి కారు తీసుకెళ్లొచ్చన్నాడు. ఏసీ క్యాబిన్లో కూర్చుని మాట్లాడుకుందాం రమ్మన్నాడు.

నర్సమ్మ మొహం విప్పారింది. రెండడుగులు వేసింది కూడా. షెడ్డక్క సోఫాలో కూర్చుంది.

"ఇంకేం కావాలమ్మా? మోటారు ఇస్తున్నాం కదా."

"మోటారు ఆవిడది. మాట నాది. ఇక్కడ అన్నారు, ఇక్కడే వెనక్కి తీసుకోండి."

నిన్న ఉన్నవాళ్లు ఈరోజు లేరు కదా అని మేనేజరు నవ్వాడు. అది నిజమే, కాని నిన్న విన్నవాళ్లని వెతికి పట్టుకోవడం మీ వల్ల కాదు కాబట్టి ఈరోజు ఉన్నవాళ్లకి చెప్పమంది ఆమె. ఆయన నవ్వు తగ్గింది. ఇలాగైతే పాత రిపోర్టే పైకి వెళ్తుంది, అక్కడి నుంచి జవాబు ఎప్పుడొస్తుందో తన చేతిలో లేదన్నాడు. ఆ మాట షెడ్డక్కతో అనలేదు, నర్సమ్మతో అన్నాడు.

నర్సమ్మ క్యాబిన్ తలుపు వంక చూసింది. గోడ గడియారం చూసింది. ఎక్కడో ఒక ముసలావిడ కట్టు మార్చేవాళ్ల కోసం చూస్తూ ఉంటుంది. షెడ్డక్కకి ఆవిడని ఏమీ అనబుద్ధి కాలేదు, వెళ్లినా తప్పు పట్టేది కాదు. నర్సమ్మ నిట్టూర్చి, వెనక్కి వచ్చి, సంచి ఒళ్లో పెట్టుకుని సోఫాలో పక్కన కూలబడింది.

మేనేజరు బావ వైపు తిరిగాడు. "మీ ఆవిడకి మీరైనా చెప్పండి."

హాల్లో తలలన్నీ లేచాయి. అప్పటిదాకా మేడం, సార్ అనుకుంటున్న ఇద్దరు మొగుడూ పెళ్లాలని ఎవరికి తెలుసు? కాఫీ మిషను దగ్గరున్న ఆవిడ కప్పు నిండిందని కూడా చూసుకోలేదు. బావ మొహం జేవురించింది. షెడ్డక్క అతని సాయం అడగలేదు. కళ్లతో కూడా అడగలేదు. పరాయి మనిషి వంక చూసినట్టే చూస్తూ కూర్చుంది.

"ఆ తీగ కలిపింది మనవాళ్లే సార్" అన్నాడు బావ.

"మనవాళ్లంటే?"

ఆ ప్రశ్న దగ్గర అతను కాసేపు ఇరుక్కున్నాడు. "మన షోరూమువాళ్లు. మ్యూజిక్ సిస్టం పెట్టినప్పుడు కలిపారు. ఆ షెడ్డువాళ్లు ముట్టుకోలేదు. నాకు నిన్నే తెలుసు."

కిటికీ దగ్గర చెవిమిషను పెట్టుకున్న పెద్దాయన ఒకాయన ముందుకి వంగాడు. "ఏమన్నాడు? సరిగ్గా వినపడలేదు. గట్టిగా చెప్పు బాబూ."

ఎవరో టీవీ సౌండు తగ్గించారు. బావ మేనేజరు వంక చూడకుండా, గోడకి చెబుతున్నట్టు, అక్షరం పొల్లుపోకుండా మళ్లీ మొత్తం చెప్పాడు. ఈసారి గొంతు ఇంట్లో గొంతులాగే ఉంది. పెద్దాయన తల పంకించి, "ఊఁ, అయితే నా కారులో కూడా అదే పాటల పెట్టె ఉంది, ఒకసారి చూడండి" అన్నాడు.

షెడ్డక్క లేచింది. మేనేజరుకి దణ్ణం పెట్టి బయటికి నడిచింది.

*

సాయంత్రం బావ మామూలుకంటే ముందే వచ్చాడు. ఉద్యోగం తియ్యలేదు. కౌంటరు మాత్రం తీసేశారు. సోమవారం నుంచి వెనకాల స్పేరు పార్టుల స్టోరులో కూర్చోమన్నారు. ఆ మాట చెప్పి, భార్య ఏమంటుందోనని నిలబడ్డాడు.

"మొత్తానికి చెప్పాను కదా" అన్నాడు.

"చెప్పావు. ఒక రోజు ఆలస్యంగా చెప్పావు. ఆ రోజంతా దొంగని నేను."

అత్త ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. కొడుకు కౌంటరు పోయిందని ఏడుపు అందుకుంటుందని సిద్ధపడింది షెడ్డక్క.

"అందరి ముందూ చెప్పాడా?" అంది అత్త.

"చెప్పాడు. రెండుసార్లు."

"రెండుసార్లు ఎందుకు?"

"ఒకాయనకి వినపడలేదు."

అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతుంటే ఏడుస్తోందనుకున్నారు ఇద్దరూ. కొంగు తీశాక చూస్తే నవ్వు. నవ్వు ఆగాక మొహం గట్టిపడింది.

"మజ్జిగ పోసుకోకుండా లేచాడంటే కడుపులో అబద్ధం ఉన్నట్టే. చిన్నప్పటి నుంచీ అంతే వీడు" అంది. కొడుకు వైపు తిరిగింది. "బయటి చెయ్యి అని రాశావట. ఎవరి చెయ్యిరా అది? మా అన్నయ్య పట్టుకుని నేర్పిన చెయ్యి. నీకూ ఆయనే కదా నేర్పింది."

షెడ్డక్క అత్త వైపు తిరిగింది. మరి అక్కడి సంగతి ఇంట్లోకి తేవద్దన్నారే అంది.

"అవును, ఇంట్లో అరిస్తే వినేది నేనొక్కదాన్నే" అంది అత్త. "అక్కడికి పోయి అరవమని అనాలనుకున్నాను. కొడుకు ముందు అనడానికి నోరు రాలేదు. నువ్వు పెరట్లో సబ్బు రుద్దుకుంటూ ఊరుకుండిపోతావేమోనని భయపడ్డాను."

బావ గోడకి ఆనుకుని అక్కడే కూర్చుండిపోయాడు. ఆ పూట అతనికి ఎవరూ వడ్డించలేదు. తనే పెట్టుకున్నాడు, ఇద్దరికీ కూడా పెట్టాడు. షెడ్డక్క తింది గాని మాట్లాడలేదు. ఇంకో రెండు రోజులు మాట్లాడదని ఆమెకీ తెలుసు, అతనికీ తెలుసు.

*

సోమవారం నర్సమ్మ కారు వేసుకుని వచ్చింది. స్టీరింగు వేలితో తిరుగుతోంది, మోటారు కొత్తది. ఇప్పుడు ముందు బ్రేకులు కీచుమంటున్నాయంది. ఇకమీద అన్నీ మా దగ్గరే చేయించుకోండని షోరూమువాళ్లు రోజూ ఫోను చేస్తున్నారట. ఏం చెయ్యమంటావని అడిగింది.

షెడ్డక్క ఎటూ లాగలేదు. గ్యారంటీలో ఉన్న సామాను పాడైతే వాళ్ల మెడ మీద కూర్చుని చేయించుకోమంది. మిగతాది ఆవిడ ఇష్టమంది. ఎక్కడ చేయించినా విప్పేటప్పుడు పక్కన నిలబడమంది, ఫోనొచ్చినా కదలొద్దంది. నర్సమ్మ తలొంచుకుంది. తర్వాత వెళ్లి స్టూలు లాక్కుని చక్రం పక్కనే వేసుకుంది.

బ్రేకు ప్యాడ్లు అరిగిపోయాయి. కంపెనీ సామాను షోరూము స్టోరులోనే దొరుకుతుంది. షెడ్డక్క అక్కడికి వెళ్లేసరికి వెనక గేటు దగ్గర చిన్న కిటికీ ముందు నలుగురైదుగురు షెడ్లవాళ్లు వరసలో ఉన్నారు. కిటికీ పక్కన గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది, విప్పిన పెట్టె వాపసు తీసుకోము అని. లోపల ఏ వంకర ప్యాడు ఉన్నా, షెడ్డుకి పోయి విప్పాక నెత్తి కొట్టుకోవడమే ఇన్నాళ్లూ.

కిటికీ వెనక తెల్ల చొక్కా చేతులు మోచేతి దాకా మడిచి, అప్పుడే ఒళ్లంతా దుమ్ము చేసుకుని బావ ఉన్నాడు. ఆమె వంతు వచ్చింది. కారు మోడలు చెప్పి ముందు ప్యాడ్లు కావాలంది. అతను లోపలికి వెళ్లి పెట్టె తెచ్చి పెట్టాడు. ఆమె దాన్ని తీసుకోలేదు.

"విప్పి చూపించండి" అంది.

వరసలో గుసగుసలు ఆగిపోయాయి. స్టోరులో వెనక బల్ల దగ్గరున్న పెద్ద గుమాస్తా కళ్లజోడు పైనుంచి చూశాడు. బావ గోడ మీది అక్షరాల వంక చూశాడు, ఆమె వంక చూశాడు. బల్ల మీది కత్తి తీసుకుని సీలు కోశాడు. నాలుగు ప్యాడ్లూ ఒక్కొక్కటీ తీసి, రెండు వైపులా తిప్పి, ఆమె ముందు వరసగా పెట్టాడు. ఆమె వేలితో అంచులు తడిమింది. ఒకదాని మీద సన్నటి పగులు కనిపించింది. దాన్ని అతని వైపు జరిపింది. అతను లోపలికి వెళ్లి ఇంకో పెట్టె తెచ్చి, అడగకుండానే కోశాడు.

ఈసారి అన్నీ బాగున్నాయి.

ఆమె వెనక నిలబడ్డ లారీ మెకానిక్ గొంతు సవరించుకుని, "నాది కూడా విప్పండి సార్" అన్నాడు. అప్పటికే కొనుక్కుని పక్కన నిలబడ్డ ఒకాయన, చంకలో పెట్టుకున్న పెట్టెని మళ్లీ కిటికీలో పెట్టాడు.

పెద్ద గుమాస్తా లేచి వస్తున్న చెప్పుల చప్పుడు వినిపించింది. బావ వెనక్కి తిరిగి చూడలేదు. కత్తి అందుకున్నాడు.

షెడ్డక్క ప్యాడ్లు సంచిలో వేసుకుని పక్కకి జరిగింది. వెళ్లిపోలేదు. చివరి పెట్టె విప్పేదాకా ఆ కిటికీ దగ్గరే నిలబడి ఉంది.